సమస్య: "ఆడ తూనీగ మగదయ్యె నాఱునాళ్ళ"

నిర్వాహకుడు (నల్లగొండ):
ఈ వారం సమస్య మా పెరట్లోనే దొరికింది. బావి దగ్గర చిక్కుడు పందిరికి పాతిన ఎండు కట్టె ఒకటుంది. దాని కొన మీద ఆదివారం ఒక పసుపు తూనీగ వాలింది. తోక పొడవునా సన్నటి నల్లగీత, రెక్కల మొదట్లో తేనె రంగు మరక. పక్కింటి పిల్లాడు చూసి "ఆడది అంకుల్" అన్నాడు. శనివారం పొద్దున చూస్తే అదే కట్టె, అదే కొన, అదే గీత, ఒళ్ళు మాత్రం మిరపపండు. పిల్లాడు మళ్ళీ వచ్చి "ఇది మగది" అన్నాడు. నవ్వాపుకోలేక పాదం రాసేశాను. ఇది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు కట్టి అర్థం కుదర్చాలి. కానివ్వండి.

మిర్యాలగూడ మాస్టారు:
పసుపు రంగుది కనిపింపఁ బడతి యనుచు
నోటు బుక్కులో వ్రాసితి నూతికడను;
పిల్ల మగవాడు తొడిగెను తల్లి రంగు;
ఆడ తూనీగ మగదయ్యె నాఱునాళ్ళ.

వనపర్తి అక్క:
మాస్టారూ, మూడో పాదంలో విషయమంతా ఉంది. ఇది ఇంగ్లీషులో రడ్డీ మార్ష్ స్కిమ్మర్ అనేది, శాస్త్రం పేరు క్రోకోథెమిస్ సర్విలియా. ఆడది జీవితాంతం పసుపే. మగది కూడా నీళ్ళలోంచి బయటికి వచ్చిన కొత్తలో పసుపుగానే ఉంటుంది, ముదిరాక ఎర్రబడుతుంది. అందుకని రంగు ఒక్కటే చూసి ఆడదని చెప్పకూడదు. పిల్ల, తల్లి అని రెండో అక్షరాలు కలిపిన ప్రాసయతి కూడా బాగా కుదిరింది.

దేవరకొండ:
పద్యం బాగుంది మాస్టారూ. పురుగును "పడతి" అన్నారు, అది ఇంకా బాగుంది. పోయిన నెల నా పద్యంలో "పిట్ట" ఉంటే గ్రామ్యమన్నారు. నోటు బుక్కు ఏ నిఘంటువులోదో కాస్త చెప్పండి.

మిర్యాలగూడ మాస్టారు:
పిట్టకు నేను అడ్డు చెప్పలేదు నాయనా. "చెఱువులోన చేప చెట్టు నెక్కె" అన్న సమస్యకు లకుముకి పిట్ట చేపను ముక్కున కరుచుకుని కొమ్మ మీద వాలిందన్నావు. అప్పుడు ఎక్కింది పిట్ట. చేపను ఎక్కించారు. నేనన్నది అంతే. దానికే బహుమతి ఇచ్చారు, సంతోషం.

కొల్లాపురం మామిడి:
మళ్ళీ ఆ చేప లేచింది. నా పూరణ చూడండి ముందు.

నీట పుట్టెను పెరిగెను నీరు వీడె;
లేత యొంటికి రంగేది? లేదు మొదట;
ఎండ కాచిన పిదప తా నెఱ్ఱబాఱ
ఆడ తూనీగ మగదయ్యె నాఱునాళ్ళ.

మిర్యాలగూడ మాస్టారు:
మొదటి పాదం చెరువు నీళ్ళంత తేటగా ఉంది. కానీ మూడో పాదం చివర జారావు. "ఎఱ్ఱబాఱ" ద్రుతాంతం, అంటే చివర నకారం దాగున్న మాట. దాని వెనక "ఆడ" వస్తే "నాడ" కావాలి. సమస్యలో నకారం లేదు. "ఎఱ్ఱబాఱె" అని క్రియ ముగించి ఆగితే గట్టెక్కేవాడివి.

కొల్లాపురం మామిడి:
ఒక్క ఎత్వంతో పోయేదానికి మూడు రోజులు కూర్చున్నా మాస్టారూ. దిద్దుకుంటాను.

వనపర్తి అక్క:
ఒక మాట మాత్రం. ఎండకు ఎర్రబడటం కాదు, వయసుకు ఎర్రబడటం. నీడలో పెట్టినంత మాత్రాన పసుపుగా ఉండిపోదు. ఆ "లేత యొంటి" పాదం మాత్రం నాకు చాలా నచ్చింది. కొత్తగా రెక్క విప్పినది నిజంగానే పాలిపోయి, రెక్కలు జిగేలుమంటూ, ముట్టుకుంటే నలిగిపోయేలా ఉంటుంది. దీనికి సీతాకోకచిలుకలాగ గూడు కట్టుకునే దశ లేదు. నీళ్ళలోని పిల్ల పురుగు గడ్డిపోచ ఎక్కి వీపు చీల్చుకుని నేరుగా తూనీగ అవుతుంది.

పానగల్లు:
మేము చిన్నప్పుడు తోకకు దారం కట్టి ఎగరేసేవాళ్ళం. హెలికాప్టర్ అనేవాళ్ళం. ఆడా మగా ఎవడు చూశాడు? ఇప్పుడు తలుచుకుంటే పాపమనిపిస్తుంది. సరే, పద్యం రాయలేను, చదువుతాను.

దేవరకొండ:
ఈడ మల్లెపై పసుపుది యింటిముందు;
బావిగట్టున నెర్రంది పైకి లేచె;
రెంటి నొకటని తలచితి రెండునాళ్ళు;
ఆడ తూనీగ మగదయ్యె నాఱునాళ్ళ.

కొల్లాపురం మామిడి:
అరె! "ఆడ" అంటే అక్కడ! ఈడ, ఆడ! నాలుగో పాదం ఒక్క అక్షరం కదలకుండా అర్థమే తిరిగిపోయింది. మన పాలమూరు, నల్లగొండ వాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టదు ఇది.

పానగల్లు:
మొదటిసారి చదివి అర్థం కాలేదు. రెండోసారి పైకి చదివాను, ఇంట్లోవాళ్ళు ఏమైందని అడిగారు.

మిర్యాలగూడ మాస్టారు:
విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదిరే బా-పై యతి కూడా సరే. "ఎర్రంది" మాత్రం పంటి కింద రాయి. "ఎఱ్ఱనిది" అనాలి.

దేవరకొండ:
ఈడ, ఆడ అనేవాడు ఎఱ్ఱనిది అంటాడా మాస్టారూ? మా ఊళ్ళో అంటే నవ్వుతారు.

మిర్యాలగూడ మాస్టారు:
నవ్వనీ. అది పక్కన పెట్టు. నిర్వాహకుడు ఒకటే కట్టె, బావి దగ్గరది అని స్పష్టంగా చెప్పాడు. నీకు ఇంటిముందు మల్లె ఎక్కడిది? ఇచ్చిన విషయాన్ని మార్చి పూరించడం నీకు అలవాటే. ఆ పిట్టా ఇలాగే వచ్చింది.

వనపర్తి అక్క:
మల్లె సంగతి తెలియదు గాని, రెండు వేర్వేరు తూనీగలు అనడానికి వీలుంది. ముదరని మగవి, ఆడవి నీళ్ళకు దూరంగా చెట్లలో, తోటల్లో వేటాడుతూ తిరుగుతాయి. ముదిరిన మగవే నీళ్ళ దగ్గర చోటు పట్టుకుని, వేరే మగది వస్తే తరిమికొడతాయి. మంచి కట్టె ఒకటి ఖాళీ అయితే ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. ఆదివారం దాని రెక్క మీద రంగు చుక్క పెట్టి ఉంటే తప్ప శనివారానిది అదేనని ఎవరూ చెప్పలేరు. పంటాల అనే వలస తూనీగ కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. అది పసుపే గాని కట్టె కొన మీద ఇలా అడ్డంగా కూర్చోదు, కొమ్మకు వేలాడుతుంది. మురుగు కాలువల దగ్గరి నారింజ రంగుదీ కాదు, దాని రెక్కల్లోనే నారింజ పూత ఉంటుంది. నిర్వాహకుడి ఫొటోలో రెక్కలు తేటగా ఉన్నాయి.

నా వంతు కూడా తీసుకోండి:

సీత యని పేరు పెట్టితి చిలిపిగాను;
ఫోను పటమును పెంచితి పొట్టవైపు;
రెండవ కణుపునన్ గుర్తు రేణువంత;
ఆడ తూనీగ మగదయ్యె నాఱునాళ్ళ.

మగదానికి పొట్ట రెండో కణుపు కింద చిన్న బుడిపె ఉంటుంది, ఆడదానికి ఉండదు. రంగు కన్నా అది నమ్మకం. పక్కనుంచి ఫొటో తీస్తే తెలిసిపోతుంది.

మిర్యాలగూడ మాస్టారు:
అమ్మా, "రేణువంత" దగ్గర వాక్యం ఆగిందా?

వనపర్తి అక్క:
ఆగింది మాస్టారూ. నేనూ అక్కడే ఆగాను.

దేవరకొండ:
నిర్వాహకుడుగారూ, ఆదివారం ఫొటో పక్కనుంచి తీసింది ఏమైనా ఉందా?

నిర్వాహకుడు:
ఉంది. ఇప్పుడే పెంచి చూశాను. బుడిపె లేదు. నున్నగా ఉంది. అంటే పసుపుది నిజంగా ఆడదే. పిల్లాడు కరెక్టు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆదివారం ఫొటోలో వెనక మల్లె మొగ్గలు కనబడుతున్నాయి. పసుపుది వాలింది ఇంటిముందు మల్లె పందిరి కట్టె మీద. ఎర్రది బావి దగ్గరి చిక్కుడు పందిరి కట్టె మీద. సమస్య బిగువుగా ఉంటుందని రెండిటినీ ఒకటి చేశాను.

కొల్లాపురం మామిడి:
😂😂 ఈడ మల్లెపై పసుపుది!

దేవరకొండ:
నాకు నిజంగా తెలియదు. యింటిముందు అంటే యతి కుదిరిందని పెట్టాను.

మిర్యాలగూడ మాస్టారు:
నిర్వాహకుడా, నీ సాక్ష్యం నమ్మి నేను "నూతికడను" అని రాశాను. నా రెండో పాదం గాలిలో కలిసింది. ఆ మూడో పాదంలో పిల్ల మగవాడూ లేడు. సరే, పద్యంలో తప్పు లేదు, తూనీగలో ఉంది. పోయిన నెల చేపను కూడా కళ్ళారా చూశానన్నావు. అది ఎక్కడ చూశావు?

నిర్వాహకుడు:
ఉదయసముద్రం చెరువు కట్ట మీద మాస్టారూ. ఒట్టు.