మితిమీరిన వేట: మరి ఆ ‘మితి’ ఏది?

మిత్రులకు నమస్కారం. నేను విజయవాడలో అనువాదాలు చేస్తుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నది తీరప్రాంత బడిపిల్లల కోసం సముద్రపు చేపల గురించి ఒక చిన్న పుస్తకం. ఫలానా రకం చేపను ఈ ఏడాది ఇన్ని టన్నులకు మించి పట్టకూడదని కొన్ని దేశాలు ముందుగానే లెక్క కడతాయి కదా, ఆ లెక్కకు తెలుగులో ఒక మాట కావాలి. మూడు రోజులుగా ‘కోటా’ అని రాస్తున్నాను, కొట్టేస్తున్నాను.

కోటా అందరికీ తెలిసిన మాటే. కానీ అది మన చెవిలో ఎలా మోగుతుందో చూడండి. రేషన్ కోటా, స్పోర్ట్స్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా. ‘ఈ నెల నా కోటా ఇంకా రాలేదు’ అంటాం. అంటే నాకు రావలసినది, నేను అడిగి తీసుకోవలసినది. ‘చేపల కోటా’ అని చదివిన పిల్లవాడికి ‘ఇన్ని టన్నులు మనకు రావాలి’ అన్నట్టు వినిపిస్తుంది. పుస్తకం చెప్పదలచుకున్నదేమో ‘ఇక్కడితో ఆగాలి’ అని. ఇంత వ్యతిరేకార్థం పలికే మాటను పిల్లల చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

పత్రికల్లో మాత్రం ‘మితిమీరిన వేట’ అనే మాట తరచూ కనిపిస్తుంది. మీరడానికి ముందు ఒక మితి ఉండాలి కదా! మితిమీరడం, మితిలేకపోవడం మన నోట రోజూ నలుగుతాయి. విడిగా ‘మితి’ని మాత్రం మూలన పడేశాం. దాన్ని బయటికి తీసి ‘వేట మితి’ అంటే ఎలా ఉంటుంది? మీ అభిప్రాయాలు కావాలి.

*

తెనాలి మిత్రుడి ప్రశ్న: ‘వేట నిషేధం’ అనే మాట ఉండగా కొత్తది ఎందుకు?

రెండూ ఒకటి కావండీ. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవలు, మోటారు పడవలు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలానికి ఇచ్చిన విరామం అది. అది క్యాలెండరు చూసి మూసే తలుపు. జూన్ 15న తలుపు తెరిచాక ఎన్ని టన్నులు పట్టారని ఎవరూ అడగరు. మన రాష్ట్ర జలాల్లో అదుపు అంతా రోజుల మీద, పడవల లైసెన్సుల మీద, వల కన్ను ఎంత ఉండాలన్న దాని మీద నడుస్తుంది తప్ప తూకం మీద కాదు. దానికి కారణమూ ఉంది. చల్లటి సముద్రాల్లో ఒక వలకు చాలావరకు ఒకే జాతి చేప పడుతుంది. మన దగ్గర ఒక్క వలలో పాతిక ముప్పై రకాలు కలిసి వస్తాయి. ఏ రకానికని తూకం పెడతాం? కేరళ మరో దారి పట్టింది. 2017 నాటికి 58 రకాలకు కనీస పొడవు నిర్ణయించింది. ఉదాహరణకు కవళ్లు పది సెంటీమీటర్లకు తగ్గితే పట్టకూడదు. అది కూడా మితే, అయితే బరువుకు కాదు, పొడవుకు.

*

గుంటూరు నుంచి ఒక తెలుగు మాష్టారు ‘అలవి’ సూచించారు. ‘అలవిమాలిన వేట’ అంటే అచ్చ తెలుగు, అందం కూడా అన్నారు.

మాష్టారూ, ఆ మాటంటే నాకూ ప్రాణం. తీరంలో ఒడ్డు నుంచి లాగే పెద్ద వలను ‘అలివి’ అంటారు, ఆ పోలిక కూడా చెవికి ఇంపుగానే ఉంది. రెండింటిదీ ఒకే మూలమని మాత్రం అనలేను. నా సందేహం వేరు. అలవి అంటే మన శక్తి. ‘నాకు అలవికాదు’ అంటే నా వల్ల కాదు అని. ఒకప్పుడు తెరచాప పడవకు మనిషి అలవే హద్దు, సముద్రం తనంత తానే మిగిలేది. ఇంజను వచ్చాక, చేపల గుంపు ఎక్కడుందో తెరమీద చూపించే యంత్రం వచ్చాక, మన అలవి పదింతలు పెరిగింది. సముద్రం పెరగలేదు. కాబట్టి హద్దు మన శక్తిని బట్టి కాక, చేప సంతానాన్ని బట్టి ఉండాలి. ‘మితి’కి కొలత అనే అర్థం ఉండటం అందుకే నాకు నచ్చింది.

ఆ కొలత ఎలా తీస్తారో రాస్తుంటే నేనే ఆశ్చర్యపోయాను. రేవుకు వచ్చిన చేపల పొడవు కొలుస్తారు, బరువు తూస్తారు. చేప తలలో, చెవి దగ్గర, చిన్న రాయి ఉంటుంది. దాన్ని పలచగా కోసి భూతద్దం కింద పెడితే చెట్టు మొద్దులో లాగా ఏటికొక వలయం కనబడుతుంది. వలయాలు లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. వలలోకి వచ్చేవన్నీ ఏడాది, రెండేళ్ల పిల్లలే అయితే పెద్దవి అయిపోతున్నాయేమోనని అనుమానించాలి.

*

గుంటూరులో ఉంటున్న, నిజాంపట్నం వైపు పుట్టిన సోదరి రాసిన దాని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను: ‘మా ఇంట్లో చేపలు పట్టాం అని ఎవరూ అనరు. పడ్డాయి, పడలేదు అంటారు. నాన్న ఇంటికి రాగానే అమ్మ అడిగేది, ఏమైనా పడ్డాయా అని.’

ఎంత నిజం! ‘పడ్డాయి’ అన్నప్పుడు చేయి మనది కాదు, అదృష్టం సముద్రానిది. ప్రాణాన్ని పణంగా పెట్టి వెళ్లే మనిషి నోట ఆ వినయం సహజం. ఇక ప్రభుత్వ లెక్కల్లో అదే చేప ‘మత్స్య ఉత్పత్తి’ అయిపోతుంది, పత్రికల్లో ‘దిగుబడి’ అయిపోతుంది. ఈ రెండూ పొలం మాటలు. మిరప దిగుబడి అంటే అర్థముంది, మనం నారు పోశాం, ఎరువు వేశాం. చెరువులో రొయ్యలు పెంచినా అంతే. సముద్రంలో విత్తింది ఎవరు? అక్కడ మనం చేసేది వేట, మన భాష ఆ సంగతి మొదటి నుంచీ చెబుతూనే ఉంది. అడవిలో జంతువును కొట్టడానికీ సముద్రంలో వల వేయడానికీ ఒకే మాట వాడిన భాష మనది. గుంటూరులో వేట అంటే మాంసం దుకాణం గుర్తొస్తుందని ఒకరు రాశారు, అదీ ఈ ‘వేట’ అన్న మాట నుంచి పుట్టిందే. తీరం పిల్లలకు ఆ తికమక ఉండదు. 2022లో జిల్లాలు విడగొట్టాక నిజాంపట్నం బాపట్ల జిల్లాకు వెళ్లి గుంటూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయింది, మాటను మాత్రం పోనివ్వకూడదు.

*

బందరు మిత్రుడు అడిగింది కీలకమైన ప్రశ్న: మితి పెట్టాక కూడా చేప అంతరిస్తే ఆ మాటకు విలువ ఏముంది?

దాదాపు అలాగే జరిగింది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన కాడ్ అనే చేపను 1968లో 8 లక్షల టన్నులకు పైగా పట్టారు. ఆ తర్వాత ఏటా మితి కట్టారు కూడా. కానీ సముద్రంలో ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేశారు. అంటే మితి కట్టి కూడా చేపను దాదాపు తుడిచిపెట్టారు. 1992 జూలైలో వేట మొత్తం ఆపేశారు. దాదాపు 30 వేల మంది ఉపాధి ఒక్కసారిగా పోయింది. రెండేళ్లకని మొదలైన ఆంక్షను ఎత్తివేసినది 2024లో. అందుకే పుస్తకంలో ‘వేట మితి’తోపాటు ‘సరైన మితి’, ‘తప్పు మితి’ అని కూడా రాస్తున్నాను. కోటా అన్న మాటతో ఈ వాక్యం రాయలేకపోయాను. ‘తప్పు కోటా’ అంటే ఎవరికో తక్కువ ఇచ్చారనిపిస్తుంది.

ఇంకొక్క మాట మిగిలింది. వలలో పడినదంతా ఒడ్డుకు రాదు. ధర పలకని చిన్న చేపను, అప్పటికే చచ్చినదాన్ని, తిరిగి నీళ్లలోకి విసిరేస్తారు. రేవులో కట్టే లెక్కలోకి అది రాదు, సముద్రానికి మాత్రం నష్టం అంతే. ఆ విసిరేసిన చేపను తీరంలో ఏమని పిలుస్తారు? నిజాంపట్నం, గిలకలదిండి వైపు వాళ్లు ఇంట్లో పెద్దలను అడిగి చెప్పండి. పదకొండో పేజీలో ఆ మాట చోటు ఖాళీగా ఉంచాను.