చినవాల్తేరులో బండి, లెస్టర్‌లో నేను: అమ్మకం ఎలా పూర్తి చేయాలి?

ప్రశ్న: వాల్తేరు వాసి

సభ్యులందరికీ నమస్కారం. నేను రెండేళ్లుగా ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 2017లో విశాఖలో కొత్తగా కొన్న నా క్లాసిక్ 350 బుల్లెట్, ఏపీ 31 నంబరుది, చినవాల్తేరులో మా ఇంటి మెట్ల కింద ఉంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉండటం వల్ల దాన్ని నడపలేరు. మా బావగారు గోపాలపట్నం నుంచి వచ్చినప్పుడు ఒకసారి స్టార్టు చేసి ఆపడమే తప్ప, బండి రోడ్డెక్కి పది నెలలు దాటింది. మొన్న వీడియో కాల్‌లో ఆయన టార్పాలిన్ తీసి చూపించగా, స్పోకులు రిమ్ములోకి దిగే చోట తెల్లగా ఉప్పు పూసి ఉంది. సైలెన్సర్ అడుగున గోటితో గీకితే రాలిపోయేంత తుప్పు కనిపించింది. సముద్రం మాకు రెండు వీధుల దూరం కాబట్టి ఆశ్చర్యపడలేదు గానీ, ఇక ఉంచుకోవడంలో అర్థం లేదని మాత్రం తేలిపోయింది.

ఇద్దరు అడుగుతున్నారు. ఒక బ్రోకరు 78 వేలు వెంటనే ఇస్తానని, ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి కొరియర్‌లో పంపిస్తే చాలునని, పేరు మార్పిడి తనకు పార్టీ దొరికాక చేయించుకుంటానని అంటున్నాడు. రెండో ఆయన బావగారి సహోద్యోగి, విజయనగరంలో ఉంటారు, 88 వేలకు సిద్ధంగా ఉన్నారు గానీ పేరు మారాకే మొత్తం ఇస్తానంటున్నారు. బండి మీద తీసుకున్న అప్పు 2020లోనే తీరిపోయింది, అయినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. బీమా డిసెంబరులో ముగిసింది. నేను ఇండియాకు రాకుండా ఈ వ్యవహారం పూర్తవుతుందా? అలాగే, ఇక్కడ ఆఫీసుకు వెళ్లడానికి ఒక పాత 125 సీసీ బండి కొనాలనుకుంటున్నాను. దాని విషయంలో కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

జవాబు: మస్కట్ నుంచి

వాల్తేరు వాసి గారూ, మిగతా విషయాలు తెలిసినవారు చెబుతారు. ఖాళీ ఫారాల మాట ఒక్కటి మాత్రం నేను చెప్పాలి, ఎందుకంటే నేను సరిగ్గా ఆ పనే చేశాను. 2019లో వీసా వచ్చిన తొందరలో, బండి ఎత్తుకెళ్లడానికి వచ్చిన మనిషికి ఖాళీ ఫారాలపై సంతకాలు పెట్టి, డబ్బు తీసుకుని, ఆ సాయంత్రమే బయలుదేరాను. సుమారు రెండేళ్ల తరువాత నాన్నగారి ఫోనుకు ఈ-చలానాలు రావడం మొదలైంది. వాటిలో ఒక దాని ఫోటో తెరిచి చూస్తే, రాజమహేంద్రవరంలో ముగ్గురు కుర్రాళ్లు హెల్మెట్లు లేకుండా నా బండి మీద పోతున్నారు. వెనక మడ్‌గార్డు మీద మా చెల్లెలు అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు అలాగే ఉంది. ఎవరికి అమ్మాడని అడుగుదామంటే ఆ మనిషి నంబరు పనిచేయడం లేదు. చలానాలు నేనే కట్టాను. ఆ డబ్బు కన్నా, ఆ కుర్రాళ్లు ఎవరినైనా గుద్ది ఉంటే ఏమయ్యేదన్న ఆలోచనే నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. పదివేలు తక్కువ వచ్చినా సరే, విజయనగరం ఆయనకే ఇవ్వండి. మీకైతే తక్కువ కూడా కాదు, ఎక్కువే వస్తోంది.

జవాబు: మురళీనగర్ విశ్రాంత ఉద్యోగి

పై సభ్యులు పడిన భయం నిరాధారమైనది కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం యజమాని అంటే రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉందో ఆ వ్యక్తి. అప్పు మీద కొన్న బండి విషయంలో కొంత మినహాయింపు ఉంది గానీ, అది మీకు వర్తించదు. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది: కారు వరుసగా పలువురి చేతులు మారినా, రికార్డుల్లో పేరు మారలేదు కాబట్టి, ప్రమాదానికి పరిహారం బాధ్యత రిజిస్టర్డు యజమానిదేనని తేల్చింది. ఆ కారుకు బీమా కూడా లేదు. మీ బండికి ఇప్పుడు బీమా లేదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఖాళీ ఫారాల మీద సంతకం ఎంత పెద్ద మాటో మీకే అర్థమవుతుంది.

అందువల్ల వరుస ఇలా పెట్టుకోండి. మొదట బీమా. మీ బండి 346 సీసీ కాబట్టి థర్డ్ పార్టీ పాలసీకి 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేటు 1,366 రూపాయలు, పన్ను అదనం. ఆన్‌లైన్‌లో మీరే తీసుకోవచ్చు. దానితోపాటు కాలుష్య ధ్రువపత్రం కావాలి. దానికి బండిని తీసుకువెళ్లాలి కాబట్టి అది బావగారి పని. ఆ తరువాత బ్యాంకు పేరు తొలగింపు. అప్పు తీరినంత మాత్రాన ఆర్‌సీ మీద తాకట్టు నమోదు తనంతట తాను పోదు. బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర లేఖ, ఫారం 35 రెండూ సమర్పించాలి. 2020 నాటి లేఖ మీ దగ్గర ఉన్నా, పాత తేదీ లేఖను తిప్పి పంపే అవకాశం ఉంది కాబట్టి, శాఖకు ఈ-మెయిల్ పెట్టి తాజా తేదీతో మరొకటి తీసుకోండి. చాలామంది ఈ మెట్టు దగ్గరే నెలల తరబడి ఆగిపోతారు.

ఇక బదిలీ. ఫారం 29 అమ్మేవారు ఇచ్చే సమాచారం, ఫారం 30 కొనేవారి దరఖాస్తు. కొనుగోలుదారు పేరు, చిరునామా, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, తేదీ అన్నీ నింపిన తరువాతే సంతకం పెట్టి, ప్రతి పుటను ఫోటో తీసుకుని పంపండి. 2017లో ఎలా సంతకం పెట్టారో అలాగే పెట్టండి. విదేశాలకు వెళ్లాక సంతకం పొట్టిగా మార్చుకున్నవారిని నేను చాలామందినే చూశాను. అమ్మిన 14 రోజుల్లోగా మీరు, 30 రోజుల్లోగా కొన్నవారు తెలియజేయాలన్నది రాష్ట్రం లోపల జరిగే అమ్మకాలకు చట్టం పెట్టిన గడువు. విజయనగరం మన రాష్ట్రంలోనే ఉంది కాబట్టి ఎన్‌ఓసీ, అంటే రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం తిప్పలు లేవు. అదే హైదరాబాదు వ్యక్తి అయితే ఫారం 28 పెట్టి ఎన్‌ఓసీ తీసుకోవడం, అక్కడ మళ్లీ పన్ను కట్టడం వంటివన్నీ ఉండేవి.

మీరు స్వయంగా రాలేరు కాబట్టి బావగారి పేరున ప్రత్యేక అధికార పత్రం, అంటే ఈ ఒక్క బండి అమ్మకానికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ, అక్కడి మన కాన్సులేటులో ధ్రువీకరించి పంపండి. మీకు దగ్గర బర్మింగ్‌హామ్. విదేశంలో రాసిన పత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు సుంకం కట్టించాలి, ఇది 1899 నాటి స్టాంపుల చట్టం నియమం. బావగారు ఆ పత్రాన్ని బీరువాలో పెట్టి మరచిపోకుండా చూడండి. ఆ పత్రం నకలు తీసుకుని మాధవధారలోని రవాణా కార్యాలయంలో ముందుగానే చూపించి, ఇంకేమైనా కావాలా అని అడగడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం మీ ఇండియా సిమ్ము. ఓటీపీలన్నీ ఆధార్‌కు, ఆర్‌సీకి జతచేసిన నంబరుకే వస్తాయి. ఆ నంబరు రీచార్జి లేక రద్దయిపోయి ఉంటే మిగతా కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నా పని కదలదు.

బ్రోకరు గురించి ఒక మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం, అధికార ధ్రువపత్రం ఉన్న డీలరుకు బండి అప్పగించినట్లు పోర్టల్‌లో నమోదు చేస్తే, అప్పటి నుంచి బాధ్యత ఆ డీలరుదే. మీ బ్రోకరుకు ఆ ధ్రువపత్రం ఉందా అని అడగండి. ఉంటే చూపిస్తాడు, లేకపోతే మాట మారుస్తాడు.

జవాబు: కంచరపాలెం చేతిపని

కాగితాల సంగతి పెద్దలు చెప్పారు, బండి సంగతి నేను చెబుతాను. పది నెలలు నిలిచిన బండిని బావగారు వచ్చినప్పుడల్లా రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం దానికి మేలు చేయదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపితే లోపల చేరిన తడి లోపలే ఉండిపోతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మీది కార్బురేటరు మోడలు కాబట్టి, బౌలు అడుగున మరను విప్పి పాత పెట్రోలు దించేసి, జెట్లు, అంటే పెట్రోలు పోయే సన్నని రంధ్రాలు, శుభ్రం చేయించండి. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడమనండి: లోపల గోధుమరంగు పొర కనిపిస్తే ముందు దాని పని చూడాలి. లేకపోతే ఎన్నిసార్లు జెట్లు కడిగినా నాలుగు రోజులకు మళ్లీ మూసుకుపోతాయి. టైర్లు కూడా చూడండి. పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2217 అని ఉంటే 2017లో 22వ వారంలో తయారైందని అర్థం. కంపెనీ టైర్లే ఇంకా ఉంటే కొనే మనిషి మూడు నాలుగు వేలు తగ్గించమని అడగడం న్యాయమే.

స్పోకుల మీది ఉప్పును మంచినీళ్లతో కడిగి, ఆరాక నూనె గుడ్డతో తుడిపించండి. సైలెన్సర్‌కు మాత్రం రంగు వేయించకండి. కొత్త రంగు చూస్తే మన ఊళ్లో కొనేవాడికి అనుమానమే గానీ ఆనందం కలగదు. హుద్‌హుద్ తుఫాను తరువాత, 2014 చివర్లో, నీటిలో నానిన బండ్లకు రంగులు కొట్టి అమ్మినవారిని చూసిన ఊరు ఇది. తుప్పును ఉన్నదున్నట్టు చూపించి, దానికి తగ్గ ధర చెప్పండి. 88 వేలు మంచి ధరే.

జవాబు: బర్మింగ్‌హామ్ తెలుగు

మీ రెండో ప్రశ్నకు నేను జవాబు ఇస్తాను. ఇక్కడ కాగితం తీరు వేరు. మన ఆర్‌సీలాగా కనిపించే వీ5సీ లాగ్‌బుక్ మీద, ఇది యాజమాన్యానికి రుజువు కాదని స్పష్టంగా అచ్చు వేసి ఉంటుంది; అందులో ఉండే పేరు బండిని ఉంచుకునే వ్యక్తిది మాత్రమే. బండి మీద అప్పు ఉన్నా లాగ్‌బుక్‌లో కనిపించదు, మన ఆర్‌సీ మీదైతే బ్యాంకు పేరు పడుతుంది. ఆ అప్పు తీరకపోతే ఫైనాన్సు సంస్థ మీ దగ్గర నుంచి బండిని తీసుకుపోయే ప్రమాదం ఉంది. అందుచేత కొద్ది పౌండ్లు ఖర్చయినా చరిత్ర తనిఖీ చేయించాకే డబ్బు ఇవ్వండి.

ఉచితంగా దొరికే మేలు ఒకటి ఉంది. నంబరు కొడితే ఎంఓటీ, అంటే బండి రోడ్డుకు పనికొస్తుందా అని చూసే పరీక్షల చరిత్ర మొత్తం ప్రభుత్వ వెబ్‌సైటులో కనిపిస్తుంది. మూడేళ్లు దాటిన బండికి ఏటా ఆ పరీక్ష తప్పదు, ప్రతిసారీ మీటరు అంకె కూడా నమోదవుతుంది. నేను చూసిన ఒక బండికి 2021లో 14 వేల మైళ్లు, మరుసటి ఏడాది 9 వేలు ఉన్నాయి. మీటరు ఎందుకు మార్చారని అడిగితే అమ్మే అబ్బాయి టీ తాగుతారా అని అడిగాడు, నేను తాగకుండానే వచ్చేశాను.

అమ్మినాయన ఇక్కడి వాహనాల రిజిస్ట్రేషను సంస్థ డీవీఎల్‌ఏకు ఆన్‌లైన్‌లో అక్కడికక్కడే తెలియజేసి, ఆకుపచ్చ చీటీ మీకు ఇవ్వాలి. కొత్త లాగ్‌బుక్ పోస్టులో వస్తుంది. అయిదు నిమిషాల పని, మీ ఎదుటే చేయించండి. పాత యజమాని కట్టిన రోడ్డు పన్ను 2014 అక్టోబరు నుంచి కొనేవారికి బదిలీ కాదు, ఆయన బీమా కూడా మీకు వర్తించదు. రెండూ మీ పేరున తీసుకున్నాకే బండి కదపాలి. మీరు వచ్చి ఏడాది దాటింది కాబట్టి మన లైసెన్సు మీద నడపకూడదు. ప్రొవిజనల్ లైసెన్సు, సీబీటీ శిక్షణ పత్రం ఉంటే ఎల్ ప్లేట్లతో 125 సీసీ వరకు నడపవచ్చు, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. చలికాలంలో ఇక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి, చినవాల్తేరు తుప్పును గుర్తుపట్టిన మీ కన్ను ఇక్కడా పనికొస్తుంది. బండి అడుగున తొంగిచూడండి.

ప్రశ్న అడిగినవారు: వాల్తేరు వాసి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండు నెలల తరువాత రాస్తున్నాను. బ్రోకరును ధ్రువపత్రం అడిగాను. మరుసటి రోజు నుంచి ఫోను ఎత్తలేదు. బ్యాంకు లేఖకు మూడు వారాలు పట్టింది, బదిలీకి అంతకన్నా తక్కువే పట్టింది. ఓటీపీల కోసం నేను తెల్లవారుజామున ఐదింటికి లేచి ఫోను పట్టుకుని కూర్చునేవాణ్ణి, మా ఆవిడ నవ్వుకునేది. టైర్ల కింద మూడు వేలు తగ్గించి, 85 వేలకు బండి విజయనగరం చేరింది. డబ్బు నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడింది, కొత్త ఆర్‌సీలో కొన్నాయన పేరు నేను ఇక్కడి నుంచే చూసుకున్నాను.

ఒక్కటి మిగిలింది. బండి రెండో తాళం చెవి ఇక్కడ లెస్టర్‌లో, నా బల్ల సొరుగులో ఉండిపోయింది. సంక్రాంతికి ఈ చుట్టుపక్కల నుంచి విశాఖ వెళ్లేవారు ఎవరైనా ఉంటే దయచేసి తెలియజేయండి.