ఐదు నెలల నడకకి ఏ స్టవ్? గ్యాసా, స్పిరిటా?

దూరపునడక: అమెరికా పడమటి వైపు మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సాగే నడకదారి పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ మొత్తం నడవాలని నిర్ణయించుకున్నాను. దాదాపు 4,265 కిలోమీటర్లు, ఐదు నెలలు పడుతుందని అంచనా. సామాన్లు కొనుక్కునే ఊళ్ల మధ్య నాలుగైదు రోజుల నడక ఉంటుంది. పూటకి అర లీటరు చొప్పున రోజుకి రెండుసార్లు నీళ్లు మరిగితే చాలు, వేరే వంటేమీ లేదు. చిన్న గ్యాస్ స్టవ్ కొనాలా, రేకు డబ్బాతో చేసే స్పిరిట్ స్టవ్ సరిపోతుందా? వాడినవాళ్లు చెప్పండి.

తేలికసంచి: స్పిరిట్. కూల్‌డ్రింక్ డబ్బా కోసి చేసుకున్న స్టవ్ 15 గ్రాములు ఉంటుంది. అర లీటరు మరగడానికి మరో 15 గ్రాముల స్పిరిట్. అంటే ఐదు రోజులకి 150, స్టవ్, ప్లాస్టిక్ సీసా కలిపి మొత్తం 185 దగ్గర ఆగుతుంది. ఇక గ్యాస్ సంగతి చూడండి. 110 గ్రాముల గ్యాస్ పట్టే చిన్న డబ్బా ఖాళీగానే 100 గ్రాముల దాకా తూగుతుంది. పైన బిగించే స్టవ్ 75. మొత్తం 285. స్పిరిట్ సీసా రోజురోజుకీ తేలికవుతుంది. ఆ ఇనప డబ్బాని మాత్రం గ్యాస్ అయిపోయినా మోయాల్సిందే.

నీలిమంట: వంద గ్రాముల కోసం ఆపడానికి వీల్లేని మంటని ఎండుగడ్డి మధ్య పెట్టమంటున్నారా? ఆ దారిలో సగానికి పైగా కాలిఫోర్నియాలోనే ఉంది. నిప్పు మీద ఆంక్షలు పెట్టిన రోజుల్లో అక్కడ చాలా చోట్ల వాల్వ్ తిప్పి ఆర్పగలిగే స్టవ్‌కే అనుమతి. దానికి కూడా ముందే క్యాంప్‌ఫైర్ పర్మిట్ తీసుకోవాలి.

చలిగాలి: విమానంలో గ్యాస్ డబ్బానీ ఎక్కనివ్వరు, స్పిరిట్ సీసానీ ఎక్కనివ్వరు. ఏదైనా దిగాకే కొనుక్కోవాలి.

తేలికసంచి: ఆంక్షలు ఏడాది పొడుగునా ఉండవు. డబ్బా బరువు మాత్రం ప్రతి అడుగులోనూ ఉంటుంది. ఇంకో బాధ కూడా ఉంది. లోపల ఎంత మిగిలిందో కంటికి కనిపించదు. ఊరొచ్చేసరికి సగం ఉన్నట్టు అనిపిస్తుంది, అనుమానంతో ఇంకోటి కొంటాం, రెండూ మోస్తాం. చలిలో అయితే అసలు సరిగా వెలగదు.

నీలిమంట: వెలగనిది మామూలు బ్యూటేన్. అది సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ట్రెక్కింగ్ డబ్బాల్లో ఎక్కువగా ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపి నింపుతారు. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. రాత్రి డబ్బాని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకుంటే పొద్దున్నే ఇబ్బంది ఉండదు. ఎంత మిగిలిందో తెలియాలంటే డబ్బాని నీళ్లలో తేలనివ్వండి, ఎంతవరకు మునిగిందో చూస్తే తెలిసిపోతుంది. గ్రాముకి గ్రాము చూస్తే స్పిరిట్ ఇచ్చే వేడి గ్యాస్‌లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

తేలికసంచి: వేడి తక్కువన్న సంగతి నా లెక్కలోనే ఉంది. గ్యాస్ అయితే అర లీటరుకి ఏడెనిమిది గ్రాములు చాలని నాకూ తెలుసు. అయినా 185 ఎక్కడ, 285 ఎక్కడ? ఖాళీ డబ్బా 100 గ్రాములకి సమాధానం చెప్పకుండా అన్నీ మాట్లాడుతున్నారు.

పచ్చినీళ్లు: నేను స్టవ్ లేకుండానే మూడు వారాలు నడిచాను. ఏదైనా చల్లటి నీళ్లలో నానబెట్టుకుని తినేదాన్ని. అదీ ఆలోచించండి.

నీలిమంట: 15 గ్రాములు, 15 గ్రాములు. ఈ మాట నేను పక్కనుంచి విన్నాను. నాతో నడిచిన మిత్రుడు కూడా ఇలాగే చెప్పేవాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో స్పిరిట్ మంట కనిపించదు. ఆరిపోయిందనుకుని సీసా వంచి మళ్లీ పోశాడు. మంట ధారని పట్టుకుని సీసాలోకి పాకింది. అతను ఉలిక్కిపడి సీసా విసిరేశాడు, అది వచ్చి నా ఎడమ చేతి మీద పడింది. మణికట్టు నుంచి మోచేయి దాకా కాలింది. రోడ్డు చేరడానికి రెండు రోజులు నడిచాను. గుడ్డ చర్మానికి అతుక్కుపోతుంటే గంటకోసారి నీళ్లతో తడుపుకున్నాను.

తేలికసంచి: విన్నందుకు బాధగా ఉంది. కానీ అది మీ మిత్రుడి తప్పు, స్టవ్ తప్పు కాదు. చల్లారిందో లేదో చేత్తో చూడకుండా ఎవరు పోస్తారు?

నీలిమంట: రోజంతా నడిచి అలసిపోయినవాడు పోస్తాడు. మీరూ పోస్తారు.

తేలికసంచి: నా గురించి మీకేం తెలుసని? పోయినసారి 38వ రోజున మోకాలు వాచి దారి మధ్యలో ఆగిపోయాను. నెలల తరబడి దాచుకున్న సెలవు, డబ్బు అన్నీ పోయాయి. బరువు తగ్గించకపోతే మళ్లీ నడవద్దని డాక్టర్ చెప్పారు. టూత్‌బ్రష్ పిడి కూడా కోసి సగం చేశాను. మీకు వంద గ్రాములంటే చిన్న విషయం. నేను నడవగలనా లేదా అన్నది అలాంటి వంద గ్రాములు కూడితేనే తేలుతుంది.

చలిగాలి: కాస్త నెమ్మదించండి ఇద్దరూ.

నీలిమంట: మోకాలి సంగతి నాకు తెలియదు. అలా మాట్లాడినందుకు క్షమించండి. మీ బ్యాగులో ఏం మోస్తారన్నది నా గొడవ కాదు, ఎప్పుడూ కాలేదు. మీరు ముట్టించే చోట నేనూ కూర్చుంటాను, అదీ నా గొడవ. ఆ రోజు బరువు తగ్గింది అతనికి, కాలింది నాకు. నన్నెవరూ అడగలేదు.

తేలికసంచి: నేనెప్పుడూ ఒంటరిగానే నడుస్తాను. బహుశా అందుకే నాకు ఈ ప్రశ్న రాలేదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకి నా సలహా మారదు, ఆంక్షలు లేని చోట. పక్కన ఇంకొకరు ఉంటే వాళ్లని అడగాలి, అది ఒప్పుకుంటాను.

దూరపునడక: మొదట్లోనే చెప్పాల్సింది, మా తమ్ముడు కూడా వస్తున్నాడు. వాడికి 19 ఏళ్లు, స్టవ్ వెలిగించే పని వాడిదే అని ఇప్పటికే అనుకున్నాం. ఇద్దరికీ కలిపి పూటకి లీటరు నీళ్లు.

తేలికసంచి: ఇద్దరికైనా ఐదు రోజులకి స్పిరిట్ 335 గ్రాములే. గ్యాస్ అయితే 150 గ్రాములు కావాలి, చిన్న డబ్బా చాలదు. రెండు చిన్న డబ్బాలు, స్టవ్ కలిపి 500 దగ్గర తేలుతుంది. లెక్క లెక్కే.

దూరపునడక: లెక్క మీదే సరైనదండి. అయినా గ్యాస్ తీసుకుంటున్నాను. ఆ 165 గ్రాములు నా బ్యాగులోనే పెట్టుకుంటాను.

తేలికసంచి: సరే. అయితే ఒకటి మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. గాలికి మంట నిలవడం లేదని అడ్డురేకుని స్టవ్, డబ్బా రెండింటి చుట్టూ పూర్తిగా కట్టేయకూడదు. వేడి లోపలే ఉండిపోయి డబ్బా పేలుతుంది. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డం పెట్టాలి. మధ్యమధ్యలో డబ్బా మీద చెయ్యి వేసి చూడమనండి. వేడిగా తగిలితే వెంటనే ఆపేయాలి.

నీలిమంట: ఇది నేను చెప్పాల్సింది, మర్చిపోయాను. టెంటు లోపల కూడా వెలిగించవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.