ఈ వారం సమస్య: "మంచు మంట రేపె మనసులోన"

నిర్వాహకుడు (విజయనగరం):
మిత్రులకు నమస్కారం. ఈసారి ఆటవెలది ఇస్తున్నాను. పైది నాలుగో పాదం, ముందున్న మూడూ మీవి. కొత్తవారికి ఒక్క మాట: గణాలంటే గురు లఘువుల గుంపులు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి దానితో పొత్తు కుదరాలి.

విషయం మా మేనల్లుడు అడిగినది. 2022 మార్చిలో వచ్చిన 'ది బ్యాట్‌మ్యాన్' వాడితో కలిసి చూశాను. రెండో భాగం 2027 అక్టోబరుకని ప్రకటించారు. అందులో విలన్ ఎవరై ఉంటాడని మా ఇంట్లో రోజూ వాదనే. మొదటి భాగం చివర విలన్ రిడ్లర్ సముద్రపు గోడ పేల్చేసి గోథమ్ నగరాన్ని ముంచాడు కదా. ఆ నీళ్లలోంచి ఈసారి ఎవరు లేస్తారు? పద్యంలో చెప్పండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
నా ఓటు ఐసు తుపాకీ విలన్ మిస్టర్ ఫ్రీజ్‌కే మాస్టారూ.

భార్య రోగ మాప పరిశోధనముఁ జేయ
ధనమె మిన్న యనిరి దయయె లేక
గడ్డకట్టె బ్రతుకు గాజుపెట్టెన సతి
మంచు మంట రేపె మనసులోన

నిర్వాహకుడు:
అమ్మా, మూడో పాదం చాలా బాగుంది. 'గాజుపెట్టెన సతి' అని క్రియ లేకుండా వదిలేశారు. ఆవిడ బతికుందో లేదో మనకీ తెలియదు, అతనికీ తెలియదు. ఆ లోటే పద్యానికి బలం. 'పరిశోధనము' కొంచెం బిగుసుకున్నట్టు ఉంది కానీ గణానికి సరిపోయింది, వదిలేద్దాం.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఈ పాత్ర 1959లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు పేరు మిస్టర్ జీరో. ఐసు తుపాకీ పట్టుకున్న దొంగ, అంతే. 1992లో మొదలైన కార్టూన్ సీరియల్ వాళ్లు అతనికి నోరా అనే జబ్బు భార్యని ఇచ్చారు. ఖర్చు దండగ అని ప్రయోగం ఆపించిన యజమానిని కూడా ఇచ్చారు. అదే తుపాకీ, అదే మంచు, కానీ చూసేవాళ్లకి గొంతు పట్టేసింది. నేనైతే దాన్ని సమస్యాపూరణం అనే అంటాను. విలన్ చేసే ఘోరం నాలుగో పాదం. అది ముందే మన చేతికి ఇచ్చేస్తారు, విడిగా చూస్తే అర్థం లేనట్టే ఉంటుంది. పై మూడు పాదాలు రాసినవాడి సత్తా వల్లే అది 'ఇలా కాక ఇంకెలా అవుతుంది' అనిపిస్తుంది.

గంటస్తంభం సెంటర్ (విజయనగరం):
నేను టూ-ఫేస్ అంటాను, సగం మొహం కాలిన లాయరు విలన్. సమస్యని విరిచాను, ఒప్పుకుంటారో లేదో అని టెన్షన్‌గా ఉంది.

కోర్టు నడుమ నొకఁడు కొట్టిన యాసిడ్డు
సగము మొగము కాల్చి సగము విడిచె
బొమ్మ బొరుసు వేసి భువినెల్ల నిదె ధర్మ
మంచు మంట రేపె మనసులోన

నాగావళి ఒడ్డు:
అన్నయ్యా, ధర్మము + అంచు (అంటూ)! మంచుని మాయం చేసేశారు!

నిర్వాహకుడు:
ఎందుకు ఒప్పుకోను? పదం విరవడం మన పెద్దలు చూపిన దారే. 1942 నుంచీ టూ-ఫేస్ కథంతా ఆ నాణెం చుట్టూనే. లాయరు తీర్పుని నాణేనికి వదిలేసి అదే ధర్మం అనడం సరిగ్గా పట్టుకున్నారు. అయితే ఒక లోపం ఉంది. 'యాసిడ్డు విడిచె' అన్నాక 'బొమ్మ బొరుసు వేసి' అంటే వేసింది ఎవరు? వ్యాకరణం ప్రకారం యాసిడ్డే నాణెం ఎగరేస్తోంది. నాగావళి గారి పద్యంలో 'అనిరి' అన్నది ఎవరో చెప్పకపోయినా పరవాలేదు, డబ్బుకి మొహం ఉండదు కాబట్టి. ఇక్కడ మాత్రం కర్త కావాలి. రెండో పాదం ఇలా మార్చి చూడండి:

సగము మొగముఁ గాల్చ జడ్జి తానె

స–జ యతి చెల్లుతుంది. యాసిడ్డు కాల్చగా, తానే జడ్జి అయి నాణెం వేశాడని అన్వయం కుదురుతుంది.

గంటస్తంభం సెంటర్:
అలాగే మార్చుకుంటాను మాస్టారూ. 'జడ్జి తానె' నాకు తట్టలేదు.

కోట వీధి విద్యార్థి (విజయనగరం):
మొదటిసారి రాస్తున్నాను సార్. మొదటి భాగం చివర పక్క గదిలోంచి రిడ్లర్‌తో మాట్లాడినవాడు ఉన్నాడు కదా, జోకర్. అతని మీద.

నవ్వువాఁడు జైలు గోడల నుండియే
పిలిచి కబురులాడి బిగియఁబట్టు
చల్లనైన పలుకు చల్లెను విషమును
మంచు మంట రేపె మనసులోన

గంటస్తంభం సెంటర్:
తమ్ముడూ, మొదటి పాదంలో యతి తప్పింది. న–గో కుదరదు.

నిర్వాహకుడు:
గణాలన్నీ నిలిచాయి బాబూ, మొదటిసారికి అది చిన్న విషయం కాదు. 'నవ్వువాఁడు జైలు నాల్గుగోడల నుండి' అంటే యతి దొరుకుతుంది. 'చల్లనైన పలుకు చల్లెను' దగ్గర రెండు 'చల్ల'లూ వేరు వేరు అర్థాలు. కావాలనే వేశావా? వేసినా, దానంతట అదే పడినా, దాన్ని మార్చకు.

పలాస జీడితోట (శ్రీకాకుళం జిల్లా):
నా పూరణలో సినిమా లేదు. ముందు రాసేశాను, తర్వాత నిబంధన చదివాను.

జీడి తోట పూత చేతికందెడి వేళ
కమ్ముకొనెను రాత్రి గాలి లేక
మాడె పువ్వు రైతు మౌనముగా నిల్చె
మంచు మంట రేపె మనసులోన

నాగావళి ఒడ్డు:
అయ్యో. మంచుకి పూత మాడడం మా పుట్టింటి ఊళ్లో చూశాను. పొద్దున్నే వెళ్లి కొమ్మ వంచితే నల్లగా చేతికి అంటుకుంటుంది.

నిర్వాహకుడు:
సమస్యని విరవలేదు, ఉపమానం చేయలేదు. ఉన్న మంచుతోనే ఉన్న మంట రేపారు. ఇంతవరకూ వచ్చినవాటిలో నాకు ఇదే ముందు. కానీ అడిగిన విషయం వేరు కదా. మీరు ఊహించే విలన్ ఎవరు?

పలాస జీడితోట:
పేరున్నవాడు ఎవడూ కాదు మాస్టారూ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదకే వచ్చింది. నాన్న పెంచిన కొబ్బరి చెట్లు వరసగా పడిపోయి ఉన్నాయి. సాయం వస్తోంది, వస్తోంది అన్నారు. దీపం లేదు, మంచినీళ్లు లేవు. ఆ రోజుల్లో మా వీధిలో మంచివాళ్లు అనుకున్నవాళ్ల కళ్లలో చూసిన కోపం నేను మర్చిపోలేదు. థియేటర్లో గోథమ్ మునిగినప్పుడు అందరూ బ్యాట్‌మ్యాన్ చేతిలో ఎర్రమంట చూశారు. నేను ఆ నీళ్లలో నడిచే జనాన్ని చూశాను. రెండో భాగం విలన్ వాళ్లలోంచే రావాలి. ఆ నీళ్లు దాటి చలికాలంలోకి వెళ్లినవాడు. మళ్లీ రాశాను:

గోడ కూలి కడలి గూటిని ముంచెను
సాయ మనిరి రాత్రి సాగిపోయె
బిడ్డ వేలు చలిని బిగిసెను బిడికిట
మంచు మంట రేపె మనసులోన

గంటస్తంభం సెంటర్:
ఫ్రీజ్‌కి ఐసు తుపాకీ అక్కర్లేదు ఇక. ఇతన్నే తెస్తే బ్యాట్‌మ్యాన్ ఏం మొహం పెట్టుకుని కొడతాడు?

కోట వీధి విద్యార్థి:
బ్యాట్‌మ్యాన్‌కీ చిన్నప్పుడే అమ్మానాన్నా పోయారు కదా సార్. ఇద్దరిదీ ఒకటే బాధ.

నాగావళి ఒడ్డు:
మూడో పాదం దగ్గరే ఆగిపోయాను. యతి చూడడం కూడా మర్చిపోయాను.

నిర్వాహకుడు:
సరిపోయింది అమ్మా. బి–బి.