విజయవాడలో 8 వేల లోపు సింగిల్ బెడ్‌రూమ్ దొరుకుతుందా?

ప్రశ్న: వచ్చే నెల నుంచి ఆఫీసు బెంజ్ సర్కిల్ దగ్గర. ఉండేది ఇద్దరం. మెయింటెనెన్స్‌తో కలిపి 8 వేలు దాటకూడదు. ఏ ఏరియాలు చూడాలి? బ్రోకర్ తప్పదా?

జవాబు 1: మొగల్రాజపురం వదిలేయండి. బందరు రోడ్డు పట్టుకుని కానూరు, తాడిగడప, పోరంకి వైపు వెళ్లండి, బస్సు నేరుగా బెంజ్ సర్కిల్‌కే. అపార్ట్‌మెంట్లలో సింగిల్ బెడ్‌రూమ్‌లు తక్కువ. ఇండిపెండెంట్ ఇంట్లో పోర్షన్ అడగండి, మెయింటెనెన్స్ గొడవ దాదాపు ఉండదు. చాలామంది ఓనర్లు ఆన్‌లైన్‌లో పెట్టరు, గేటుకు టులెట్ బోర్డు కడతారంతే. ఆదివారం పొద్దున్నే సందులు తిరిగితే బ్రోకర్ కమీషన్ మిగులుతుంది.

జవాబు 2: కరెంటు మీటర్ విడిగా ఉందో లేదో ముందు చూడండి. రెండు పోర్షన్లకు ఒకే మీటరైతే యూనిట్లన్నీ కలిసి ఎక్కువ రేటుండే స్లాబులోకి పోతాయి, మీరు తక్కువ వాడినా బిల్లు వాచిపోతుంది. విడి మీటరుంటే సర్వీస్ నంబర్ కొట్టి పాత బకాయి చూసుకోండి. పై అంతస్తు అయితే మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. మన ఎండలకు ఆ పైకప్పు రాత్రి పదైనా చల్లారదు.

జవాబు 3: సింగ్‌నగర్, పాయకాపురం చవకే, కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచింది అక్కడే. గ్రౌండ్ ఫ్లోర్ వద్దు బ్రదర్. మునిగిన ఇంటికి కొత్త సున్నం వేసినా తలుపు చెక్క కింది అంచు ఉబ్బి ఉంటుంది, అది చూడండి. అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకే రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో అందులోనే రాయించండి.