పీపీఈ కిట్‌లో గాగుల్స్‌కి ఆవిరి పట్టేస్తోంది, కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్న గొట్టం) పెడదామంటే నరం కనబడట్లేదు

కోవిడ్ వార్డులో స్టాఫ్ నర్స్‌ని, ఈ 2021 సెకండ్ వేవ్‌లో బెడ్లన్నీ ఫుల్. 6 గంటల షిఫ్ట్, ఎన్95 పైన సర్జికల్ మాస్కు, గాగుల్స్, ఫేస్ షీల్డ్, రెండు జతల గ్లౌజులు. కిట్ వేసుకున్న అరగంటకల్లా గాగుల్స్ లోపల ఆవిరి పట్టేసి చుక్కలు కారుతున్నాయి, అసలే మే నెల, వార్డులో ఏసీ వేయట్లేదు. ఆక్సిజన్ శాచురేషన్ అంకెలు దగ్గరికెళ్లి ఎలాగో చదువుతున్నా గానీ కాన్యులా పెట్టడమే నరకం, పెద్దవాళ్లకి నరాలు సన్నగా ఉంటాయి, గ్లౌజుల్లో వేలికి తెలియదు, కంటికి కనబడదు, రెండోసారి గుచ్చాల్సి వస్తే ఆక్సిజన్ మాస్కులోంచే "పర్లేదమ్మా" అంటుంటే ప్రాణం ఉసూరుమంటోంది. లోపల గాగుల్స్ తీసి తుడుచుకునే వీల్లేదు కదా.

గిన్నెలు తోమే లిక్విడ్ పల్చగా రాసి ఆరబెట్టా, గంట బాగుండి మళ్లీ మామూలే, పైగా చెమటతో కలిసి కళ్లు మండాయి. శానిటైజర్‌తో తుడిస్తే ప్లాస్టిక్ మసకబారింది. మాస్కు పై అంచుకి మైక్రోపోర్ టేపు వేస్తే కొంచెం నయమే గానీ చెమటకి ఊడిపోతోంది. నోస్ క్లిప్ ఇంకా గట్టిగా నొక్కితే ముక్కు మీద పుండు పడింది.

కోవిడ్ డ్యూటీ చేస్తున్న సిస్టర్స్, బ్రదర్స్, షిఫ్ట్ అయ్యేదాకా గాగుల్స్‌కి ఆవిరి పట్టకుండా మీరేం వాడుతున్నారు?