పలాస కుర్రాడికి ఫ్లైట్ స్కూలు: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

పలాస:
అందరికీ నమస్కారం. మాది పలాస పక్కన చిన్న ఊరు. ఇంటర్ ఎంపీసీ అయింది, వయసు 19. కమర్షియల్ పైలట్ కోర్సుకి ఫ్లోరిడాలో రెండు స్కూళ్లు, అరిజోనాలో ఒకటి ఐ-20 (వీసాకి కావలసిన స్కూలు పత్రం) ఇస్తామన్నాయి. అందులో ఒకటి మొత్తం ఫీజు ముందే కట్టేస్తే పది శాతం తగ్గిస్తామంటోంది. నాన్నది జీడిపిక్కల వ్యాపారం. 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరితోట పోయింది, మిగిలిన భూమి తాకట్టు పెడతానంటున్నారు. ఏ స్కూలు మంచిదో పేరు చెప్తే చాలు.

రాజాం, ఓర్లాండో:
పేరు చెప్పను తమ్ముడూ. నేను నేర్చుకున్న స్కూలు అప్పట్లో బాగుండేది, ఇప్పుడు చేతులు మారిపోయింది. ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్లు చాలామంది గాల్లో 1500 గంటలు నిండగానే ఎయిర్‌లైన్‌కి ఎగిరిపోయేవాళ్లే. నాకు ఏడాదిలో నలుగురు మారారు. కొత్తాయన వచ్చిన ప్రతిసారీ "ఏదీ, నీ ల్యాండింగ్ ఒకసారి చూద్దాం" అని రెండు గంటలు తినేసేవాడు, నా డబ్బుతో.

ఇంకోటి. విమానం అద్దె హాబ్స్ మీటర్ మీద కడతావు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ అది తిరుగుతుంది, గాల్లో ఉన్నావా నేల మీద ఉన్నావా దానికి అనవసరం. 0.1 అంటే ఆరు నిమిషాలు. మాది రద్దీ ఎయిర్‌పోర్టు. సెస్నా 172లో రన్‌వే ముందు వరసలో కూర్చుని చెమటలు కారుస్తూ ఆ అంకెనే చూసేవాణ్ణి. చక్రం నేల విడవకముందే 0.4 పడిన రోజులున్నాయి. స్కూలు ఉన్న ఎయిర్‌పోర్టు ఎలాంటిదో ముందు అడుగు. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు, మెరుపులు. కొత్తవాళ్లకి ఉదయం స్లాట్లు ఇస్తారా లేదా అనేది కూడా అడుగు.

చీపురుపల్లి, డాలస్:
ఆ నిమిషాలు కూడా లాగ్‌బుక్‌లో పడతాయి కదా!

రాజాం, ఓర్లాండో:
పుస్తకంలో పడతాయి, చేతికి పడవు.

బొబ్బిలి, ఫీనిక్స్:
అరిజోనాకే రా బాబూ, ఆకాశం ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది. ఎండాకాలంలో మాత్రం వేడికి గాలి పలచబడి చిన్న విమానం ఎక్కనంటుంది, అందుకని తెల్లవారుజామునే ఎగురుతారు. ఉదయం నాలుగున్నరకి నీకు బస్సు దొరకదు. పాత కారు కొనుక్కో, టొయోటా అయితే మంచిది. రైస్ కుక్కర్ అక్కడినుంచి మోసుకురాకు, ఇక్కడి కరెంటు 120 వోల్టులు, అన్నం ఉడకదు.

గజపతినగరం, దుబాయ్:
కుక్కర్ సంగతి తర్వాత. ఆ పది శాతం దగ్గర ఆగు బావూ. నేనూ అక్కడే పడ్డాను.

నా స్కూలు కరపత్రంలో పద్నాలుగు విమానాలు. వెళ్లేసరికి, విమానాల తాళాలిచ్చే డిస్పాచ్ బల్ల వెనకాల గోడకి చెక్క పలక, దానికి పద్నాలుగు కొక్కేలు, కొక్కేనికో తాళం. తొమ్మిది తాళాలకి ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. ఎర్రదంటే ఎగరదు. మిగిలిన అయిదింటిలో రెండు జంట ఇంజన్లవి, మొదట్లో మనకి అక్కర్లేనివి. మూడు విమానాలకి అరవైమంది పిల్లలం.

ఒకరోజు నా వంతు వచ్చింది. ఆరింటికే వెళ్లి ఆయిల్ చూశాను. రెక్క కింద ట్యాంకులోంచి గొట్టంలోకి పెట్రోలు పట్టి, నీళ్ల చుక్క ఉందేమోనని వెలుగుకి పెట్టి చూస్తున్నాను. డిస్పాచ్ ఆవిడ నడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపింది, తాళం ఇమ్మని. వంద గంటల ఇన్‌స్పెక్షన్ దగ్గరికొచ్చిందట, ఇంకొక ఫ్లైటుకి కూడా గంటలు మిగల్లేదట. ఆ గొట్టం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఏడు నెలలకి నాకు 70 గంటలు కూడా కాలేదు. స్కూలు మారదామంటే ఏటి తెలిసిందో తెలుసా? ఎం-1 వీసా (వృత్తి శిక్షణకిచ్చేది) మీద మొదటి ఆరు నెలల్లోనే స్కూలు మారొచ్చు. దాటితే, మన చేతిలో లేని కారణం ఏదైనా చూపించగలిగితే తప్ప లేదు. అమెరికాలో ఉండగా ఎం-1ని కాలేజీ చదువులకిచ్చే ఎఫ్-1గా మార్చడమూ కుదరదు. చదువుకుంటూ పని చేయడానికీ వీల్లేదు. మిగిలిన డబ్బు వెనక్కివ్వమని మేనేజర్ దగ్గరికి వెళ్లాను. అంతా విన్నాడు. కాంట్రాక్టు తీసి వెనక పేజీలో సన్నక్షరాలు చూపించాడు. చూపించి, బల్ల మీదున్న డోనట్ల పెట్టె నా వైపు జరిపాడు. రెండు తిన్నాను. అంత ఖరీదైన తిండి నా జన్మలో తినలేదు.

చివరికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) వరకు ఈడ్చి, ఇంటికొచ్చేసి మిగతా గంటలు ఇండియాలో పూర్తిచేశాను. విడతలుగా కట్టించుకునే స్కూలైతేనే చేరు. గంటకి ఎక్కువైనా పరవాలేదు.

చీపురుపల్లి, డాలస్:
అందుకే అంటున్నా, అసలు అమెరికా దేనికి? విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. భోగాపురం ఎయిర్‌పోర్టు మన విజయనగరం జిల్లాది. ఇక్కడే నేర్చుకోవచ్చు.

రాజాం, ఓర్లాండో:
మంత్రి మనోడైతే యూపీలో ప్రభుత్వ ఫ్లయింగ్ స్కూలున్న ఫుర్సత్‌గంజ్‌లో పొగమంచు తొలగుతుందా? చలికాలంలో అక్కడా పిల్లలు లైబ్రరీలో కూర్చునేదే. భోగాపురం రన్‌వే మీద ఒంటరిగా సోలో కొట్టాలని కూర్చుంటే ఈ కుర్రాడికి మీసం నెరుస్తుంది.

చీపురుపల్లి, డాలస్:
శ్రీకాకుళం వాళ్లకి మా ఎయిర్‌పోర్టంటే కడుపుమంట.

రాజాం, ఓర్లాండో:
రాజాం 2022 నుంచి విజయనగరం జిల్లాయే. మీ జిల్లా మ్యాపు మీరే చూసుకోరా?

చీపురుపల్లి, డాలస్:
సరే, అది వదిలెయ్. బాబూ, అమెరికాయే అనుకుంటే పార్ట్ 141 స్కూలు (ప్రభుత్వం ఆమోదించిన సిలబస్‌తో నడిచేది) చూసుకో. 190 గంటలకే కమర్షియల్ వచ్చేస్తుంది, డబ్బు మిగులు.

ఆమదాలవలస:
నేను అమెరికాలో నేర్చుకుని ఇండియాలో లైసెన్సు కన్వర్షన్ చేయించుకుని ఇప్పుడు ఎయిర్‌బస్ ఎ320 నడుపుతున్నాను, కాబట్టి ఈ ఒక్కటి సరిదిద్దుతాను. 190 అమెరికా లెక్క. అక్కడే ఆ సిలబస్ అక్కర్లేని పార్ట్ 61 స్కూలైతే 250. ఇక్కడ లైసెన్సులిచ్చే మన డీజీసీఏకి 200 గంటలు ఉండాలి, అందులో 100 పీఐసీగా, అంటే విమానం బాధ్యత మోసే పైలట్‌గా. రాత్రి పీఐసీగా అయిదు గంటలు, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగులు. 190తో ఇంటికొస్తే మిగతా పదీ మళ్లీ కొనుక్కోవాలి. ఇద్దరు స్నేహితులు ఒకే విమానంలో కూర్చుని, ఒకడు బయటికి చూస్తూ సేఫ్టీ పైలట్‌గా, ఇద్దరూ పీఐసీ రాసుకోవడం అక్కడ నడుస్తుంది. ఆ గంటలు నమ్ముకుని ఇక్కడికి రాకు.

తమ్ముడూ, స్కూలు కంటే ముందు మెడికల్, అంటే ఆరోగ్య పరీక్ష. మొదట క్లాస్ 2, ఆ తర్వాత కమర్షియల్‌కి కావలసిన ఇండియన్ క్లాస్ 1. అది చేతికొచ్చేదాకా రూపాయి కట్టొద్దు. అమెరికా మెడికల్ పాసైన ఒకబ్బాయి, లైసెన్సు తెచ్చుకున్నాక ఇక్కడి క్లాస్ 1లో చెవి పరీక్ష దగ్గర ఆగిపోయాడు. వాళ్ల నాన్న కూడా భూమే అమ్మారు.

తిరిగొచ్చాక నావిగేషన్, మెటీరియాలజీ కలిపిన కాంపోజిట్ పేపరు, ఎయిర్ రెగ్యులేషన్స్ రాయాలి, రెండింటిలోనూ 70 శాతం రావాలి. పుస్తకాలు ఇప్పుడే మొదలుపెట్టు. అక్కడికెళ్లాక టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి వచ్చేదాకా ట్రైనింగ్ మొదలుకాదు, వేలిముద్రలూ అవీ ఉంటాయి. ఖాళీగా కూర్చునే ఆ రోజుల్లో చదువుకోవచ్చు.

పలాస:
ఆమదాలవలస అక్కా, అన్నయ్యలూ, చాలా థ్యాంక్స్. మూడు స్కూళ్లకీ ఒకే మెయిల్ పెట్టాను: ఈ రోజు ఎగురుతున్న విమానాలెన్ని, పిల్లలెంతమంది, విడతలుగా కట్టొచ్చా, పోయినేడు చేరినవాళ్లకి ఎన్ని నెలలు పట్టింది అని. అరిజోనా వాళ్లు విమానాల నంబర్లతో సహా పంపారు. ఫ్లోరిడాలో ఒకళ్లు ఇంకా పలకలేదు. పది శాతం వాళ్లు మాత్రం ఆఫర్ శుక్రవారంతో అయిపోతుందని రాశారు.

గజపతినగరం అన్నయ్య రాసింది నాన్నకి చదివి వినిపించాను. డోనట్ల దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. బ్యాంకుకి వెళ్లడం మానేశారు. నాకు క్లాస్ 2 అయింది, క్లాస్ 1కి బెంగళూరులో తేదీ దొరికింది. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాను.

బొబ్బిలి, ఫీనిక్స్:
అరిజోనాకే వస్తన్నావన్నమాట. వచ్చేటప్పుడు జీడిపప్పు ఒక కేజీ. గుండు, బద్ద కాదు.